మూడు గోడలు ముదురు, ఒక గోడ తెలుపు

హైదరాబాదు పాతబస్తీలోని గౌలిపుర గల్లీల్లో గోడలకు రంగులు పడే కాలం ఆషాఢం. లాల్ దర్వాజ సింహవాహిని మహంకాళికి బోనం ఎత్తేలోపు ఇల్లు కడగాలి, సున్నం కొట్టాలి, గడపకు పసుపు రాయాలి. ఆ రోజుల్లో షాలిబండ నుంచి ఛత్రినాక దాకా నడిస్తే పిస్తా, గులాబీ, ఆకాశ నీలం, నిమ్మపండు పసుపు వరసగా కనిపిస్తాయి. గది చిన్నదైతే లేత రంగే వేయాలన్నది ఇక్కడ అందరూ ఒప్పుకున్న మాట. అసలే వెలుతురు తక్కువ, దానికి తోడు ముదురు రంగెందుకు అంటారు. అలాంటి చోట వీధి గదికి కాఫీ గింజ రంగు వేయించుకున్న ఇల్లు ఒకటుంది. "గోదాం చేసుకుంటున్నరా ఏంది?" అని చుట్టాలు ముందే అడిగారట. ఇప్పటికీ అడిగేవాళ్ళు అడుగుతూనే ఉన్నారు. నేను మాత్రం ఇంత శ్రద్ధగా చేసిన గోడ పనిని పాతబస్తీలో ఈ మధ్య చూడలేదు.

డబ్బులిస్తే ముదురు రంగు డబ్బా ఎవరికైనా దొరుకుతుంది. ఈ గదిలో మెచ్చుకోవలసింది ఆ రంగు కిందున్న చాకిరీని. అంతకన్నా ఎక్కువగా, రంగు ఎక్కడ వేయకూడదో తెలిసిన మేస్త్రీ తెలివిని.

గది 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు. పైన ఇనుప గర్డర్లు, వాటి మధ్య షాబాదు బండలు. నేల కూడా షాబాదే, కడిగి కడిగి నునుపెక్కింది. గోడలు రాయీ డంగు సున్నమూ కలిపి కట్టినవి, బాగా మందం. వీధి గోడకు ఒక దర్వాజ, ఒక కిటికీ. వెలుతురు రావడానికి ఇంకో దారి లేదు. పక్క గోడలు రెండూ పొరుగిళ్ళతో కలిసినవి, వాటిలో కమాను గూళ్ళున్నాయి. వెనక గోడ అవతల లోపలి అర్ర. ముదురు రంగు పడింది ఈ మూడు గోడలకే. వీధి గోడకూ కప్పుకూ తెల్ల సున్నమే ఉంది.

కొత్తగా వచ్చినవాళ్ళకు రంగు చాలక ఒక గోడ వదిలేశారేమో అనిపిస్తుంది. గది మొత్తంలో అన్నిటికన్నా తెలివైన పని అదే. దానికి మూడు కారణాలున్నాయి. మేస్త్రీ వాటిలో ఒక్కటే చెప్పాడు.

ఆయన చెప్పింది తడి గురించి. గౌలిపురలో పాత ఇళ్ళ గడపలు ఒకప్పుడు వీధి కంటే ఎత్తున ఉండేవి. సీసీ రోడ్డు మీద సీసీ రోడ్డు వేస్తూ పోయేసరికి గల్లీ పైకి లేచింది, ఇల్లు పల్లంలో పడింది. వాన నీళ్ళూ మోరి నీళ్ళూ గోడ అడుగున చేరి పైకి పాకుతాయి. ఇలాంటి గోడ ఎంత నీరు తాగుతుందో 2020 అక్టోబరు వానల్లో పాతబస్తీ దక్షిణపు బస్తీలకు బాగా తెలిసొచ్చింది. డంగు సున్నం తాగిన నీటిని మెల్లమెల్లగా గాలికి వదిలేస్తుంది. దాని మీద ప్లాస్టిక్ పెయింటు పొర కప్పితే ఆ దారి మూసుకుపోతుంది. పొర వెనక ఉప్పు పేరుకుని, బొబ్బలు లేచి, రంగు పెచ్చులుగా ఊడుతుంది. తెల్ల గోడ మీద ఉప్పు పొంగినా అంతగా కనిపించదు. కాఫీ రంగు గోడ మీదైతే వీధిలో పోయేవాడికి కూడా కనిపిస్తుంది. "గీ గోడకు రంగు ఎయ్యద్దమ్మా, దానికి ఊపిరాడాలె. సున్నమే ఉండనీ" అన్నాడట ఇంటి పెద్దావిడతో.

మిగతా రెండు కారణాలు నేను చెబుతాను. కిటికీ ఉన్న గోడకు ఆ కిటికీ వెలుగు అందదు. బయటి వెలుగు నేరుగా కళ్ళలో పడుతుంటే చుట్టూ ఉన్న గోడ ఉన్నదానికన్నా నల్లగా తోస్తుంది. దానికి ముదురు రంగు కూడా వేస్తే కూర్చున్నవాళ్ళకు కళ్ళు గుచ్చుకుంటాయి. తెలుపు ఆ తేడాను తగ్గిస్తుంది. ఎదుటి ముదురు గోడ నుంచి వచ్చే కొద్దిపాటి వెలుగును కూడా వృథా పోనీయదు.

మూడో కారణం ఈ రంగు స్వభావంలోనే ఉంది. కాఫీ రంగంటే ముదురు గోధుమే. ఇంద్రధనుస్సులో గోధుమ రంగు లేదు. చీకటి గదిలో ఒంటరిగా గోధుమ రంగు దీపం వెలిగించి చూపించమంటే ఎవరూ చూపించలేరు. అది నారింజ రంగే. పక్కన అంతకన్నా వెలుగైనది ఉన్నప్పుడు, వెలుగు తగ్గిన నారింజను మన కన్ను గోధుమగా చదువుకుంటుంది. అంటే పక్కన తెలుపో లేతదో లేకపోతే ఈ రంగు నిలబడదు. నాలుగు గోడలకూ కప్పుకూ ఒకే ముదురు రంగు వేసిన హోటల్ గదులు కొన్ని చూశాను. పావుగంట కూర్చునేసరికి అది ఏ రంగో కూడా గుర్తుండదు, మసక ఒక్కటే మిగులుతుంది. ఇక్కడ తెల్ల గోడా తెల్ల కప్పూ ఉండబట్టి మిగిలిన మూడూ కాఫీ రంగుగానే కనిపిస్తున్నాయి. మేస్త్రీ ఈ మాటల్లో చెప్పడు గానీ, ప్రతి అంచునా తెలుపును ఎలా నిలిపాడో చూస్తే ఆయనకిది తెలుసని అర్థమవుతుంది.

ఇక చాకిరీ సంగతి. ఏటా బోనాలకో దీపావళికో ఒక పూత పడిన గోడ మీద ఎన్ని పొరలుంటాయో ఊహించుకోండి. గీకుతుంటే తెలుపు కింద నీలం, నీలం కింద గులాబీ, దాని కింద మళ్ళీ తెలుపు, అడుగున ఎర్రమట్టి జాజు పట్టీ. అరచేత్తో రుద్దితే పొడిగా రాలే సున్నం మీద ఎంత ఖరీదైన ఎమల్షన్ వేసినా ఒకటే. ఆరుతూ బిగుసుకునేటప్పుడు అది ఆ పొడిని పట్టుకుని గోడను వదిలేస్తుంది. తొందర పని చేసేవాళ్ళు పైపైన గీకి, లప్పం పెట్టి కప్పేస్తారు. ఈయన మూడు గోడలనూ నీళ్ళు చల్లి నానబెట్టి, పట్టీతో గచ్చు బయటపడేదాకా గీకాడు. పొడిగా గీకితే పని తొందరగా అయ్యేది. కానీ దుమ్ము ఇల్లంతా కమ్మేసేది, గచ్చు మీద గాట్లు పడేవి.

గీకాక తట్టడం. వేలి కణుపులతో గోడంతా తట్టుకుంటూ పోతే, లోపల వదులైన చోట బోలుగా మోగుతుంది. అక్కడ రాల్చేసి మళ్ళీ పూయాలి. పాత ఇళ్ళు చాలావరకు పాడయ్యేది ఈ దగ్గరే, ఎందుకంటే అతుకు సిమెంటుతో వేస్తారు. సిమెంటు గట్టిది, సున్నం మెత్తనిది. ఎండకూ వానకూ రెండూ ఒకే తీరుగా కదలవు. అతుకు చుట్టూ చీలిక వస్తుంది, దాన్ని దాటలేని తడి పక్కనున్న సున్నంలోకి పోయి దాన్ని కూడా పాడు చేస్తుంది. ఈ గదిలో అతుకులన్నీ సున్నమూ సన్న ఇసుకా కలిపి వేసినవే. అయితే సున్నం ఆరితే చాలదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మళ్ళీ సున్నపురాయి కావాలి. అందుకు వారాలు పడుతుంది. పచ్చి సున్నానికున్న క్షారగుణం మీద వేసిన పెయింటును తినేస్తుంది. అందుకని అతుకులు వేశాక పని ఆపి, మేస్త్రీ వేరే పనులకు పోయాడు. ఇంటివాళ్ళు అన్నాళ్ళూ గీకిన గోడల మధ్యే కాపురం చేశారు. ఈ పనికి దక్కే మెప్పులో వాళ్ళకు కూడా వాటా ఉండాలి.

హైదరాబాదుకు సున్నం పని కొత్తది కాదు. 1591 నాటి చార్మినార్ రాయీ సున్నమూ కలిసి నిలబెట్టిందే. గౌలిపురకు ఎంతో దూరం లేని పీసల్ బండ పైగా నవాబుల సమాధుల్లో గచ్చుతో తీర్చిన జాలీలూ పూల లతలూ చూస్తే, ఈ ఊళ్ళో ఆ పదార్థం ఎంత లొంగిందో తెలుస్తుంది. అలాంటి ఊళ్ళోనే ఇప్పుడు సున్నం అతుకు వేయగల మనిషిని వెతుక్కోవాల్సి వస్తోంది.

తర్వాత లప్పం. ముదురు రంగు గోడలోని లోపాలను దాచేస్తుందని చాలామంది అనుకుంటారు, అది తప్పు. మంచి తెల్ల రంగు తన మీద పడిన వెలుగులో 80 శాతానికి పైగా చెదరగొట్టి వెనక్కి ఇస్తుంది. కాఫీ రంగు 10 శాతం కూడా ఇవ్వదు. కానీ పైపొర మీద తళుక్కుమనే మెరుపు రెండింటికీ దాదాపు ఒకటే. తెల్ల గోడ మీద ఆ మెరుపు వెలుగులో కలిసిపోతుంది. ముదురు గోడ మీద ప్రతి గుంటనూ, పట్టీ గీసిన ప్రతి గీతనూ చూపించి మరీ పోతుంది. అందుకే ఈ రంగుకు లప్పం పని రెట్టింపు. మేస్త్రీ లప్పాన్ని ఒకేసారి మందంగా పెట్టకుండా, పలచగా రెండు చేతులు పెట్టాడు. రాత్రిపూట బల్బును గోడకు దగ్గరగా పట్టుకుని, పక్కవాటుగా వెలుగు పారించి చూశాడు. నీడ పడిన చోటల్లా పెన్సిలుతో సున్నాలు చుట్టి, తెల్లారాక ఎమరీ పేపరుతో రుద్దాడు.

ఇక్కడ ఒక సంగతి నాకు ప్రత్యేకంగా నచ్చింది. ఆయన గోడను బద్ద పెట్టి గీసినంత చదును చేయలేదు. రాతి గోడకు సహజంగా ఉండే వంపును అలాగే ఉంచి, పదునైన ఎత్తుపల్లాలు మాత్రం తీసేశాడు. అపార్టుమెంటు గోడలా చేసి ఉంటే ఆ కమాను గూళ్ళకూ గోడకూ పొత్తు కుదిరేది కాదు.

రంగు డబ్బాలో కూడా ఒక చిక్కుంది. దుకాణంలో మిషను మీద కలిపే ముదురు రంగులకు వాడే బేస్‌లో తెల్లని టైటానియం డయాక్సైడ్ చాలా తక్కువ. అది ఎక్కువైతే ముదురు రాదు, తక్కువైతే కప్పే శక్తి ఉండదు. కాబట్టి ధర ఎక్కువ పెట్టి కొన్న ముదురు రంగే తక్కువ కప్పుతుంది. రెండు పూతలు వేశాక కూడా తెల్ల ప్రైమర్ తొంగిచూస్తుంది. మేస్త్రీ ప్రైమర్‌లోనే కాస్త రంగు కలిపి, గోడను ముందే మట్టి రంగుకు తెచ్చి, దాని మీద మూడు పూతలు వేశాడు. తెచ్చిన డబ్బాలన్నీ ఒకే పెద్ద బకెట్టులో పోసి కలిపాడు. మిషను ఎంత సరిగ్గా కొలిచినా డబ్బాకూ డబ్బాకూ వెంట్రుకవాసి తేడా రావచ్చు. ఆ తేడా గోడ మధ్యలో వస్తే మళ్ళీ మొదటికే.

వేసిన తీరు చూడండి. ఒకరు కుంచెతో అంచులు కోస్తూ ముందు నడిచారు, ఒకరు రోలరుతో వెనకే వచ్చారు. అంచు తడిగా ఉండగానే రోలరు దాన్ని అందుకోవాలి, లేకపోతే రెండు పూతలు కలిసిన చోట చార పడుతుంది. ఫ్యాను ఆపేశారు. ఫోను మోగినా ఎత్తలేదు. చాయ్ తాగాలన్నా మూలకు చేరాకే. పని పూర్తయ్యాక ఎక్కడైనా గీత పడితే అంతవరకు రంగు అద్దడం ఈ రంగులో కుదరదు, మచ్చ తేలుతుంది. మూల నుంచి మూలకు గోడంతా మళ్ళీ వేయాలి.

గూళ్ళ దగ్గర కమాను అంచు గరుకైన సున్నం. దానికి మాస్కింగ్ టేపు అంటదు, అంటినా తీసేటప్పుడు సున్నం పెళ్ళతో సహా వస్తుంది. అంచంతా చేత్తోనే తిప్పాడు. కుంచెను సగం వరకే ముంచి, గీతకు కాస్త ఎడంగా మొదలుపెట్టి, రంగు చివరకు జారాక దాన్ని మెల్లగా గీత మీదికి తోసుకుంటూ పోయాడు. దగ్గరికి వెళ్ళి చూస్తే ఆ గీత చేతి గీతేనని తెలుస్తుంది, ఆరడుగుల దూరానికి కత్తితో కోసినట్టుంటుంది. గూళ్ళ లోపల జాజు ఎరుపు వేయించింది మాత్రం ఇంటి పెద్దావిడ. మేస్త్రీ వద్దన్నాడట. ఆవిడ "మా అత్తగారి కాలం నుంచి గూట్ల జాజే ఉన్నది నాయనా, గది ఉండనీ" అన్నారు. ఆవిడ మాటే నెగ్గింది, మంచిదైంది. సాయంత్రం ఆ గూట్లో దీపం పెడితే ముదురు గోడ వెనక్కి తగ్గి, ఎర్రటి గూడు ముందుకొస్తుంది.

అందరూ గమనించని పని ఇంకొకటుంది. మూడు గోడల మీదా రంగు ఒకటే, మెరుపు మాత్రం రెండు రకాలు. నేల నుంచి మూడున్నర అడుగుల దాకా కొద్దిగా మెరిసే కడగదగిన రకం, ఆ పైన మెరుపే లేని మ్యాట్. ముదురు మ్యాట్ చూడటానికి అందం. కానీ భుజమో కుర్చీ వీపో పదిసార్లు రాసుకుంటే ఆ చోట నునుపెక్కి మెరుపు మరక పడుతుంది, కడిగినా పోదు. మనుషులు ఆనుకునే ఎత్తు వరకు గట్టి రకం వేసి, పైన మ్యాట్ ఉంచితే రెండు పనులూ నెరవేరతాయి. పగలు ఎదురుగా నిలబడితే గోడంతా ఒకటే. పక్కకు జరిగి చూస్తే కిటికీ వెలుగు కింది భాగం మీద పలచగా జారి, ఒక పట్టీ బయటపడుతుంది. తెలంగాణ ఇళ్ళలో గోడ అడుగున జాజు పట్టీ ఎందుకు వేసేవాళ్ళు? వీపులు ఆనినా, ఎంగిలి చేతులు తగిలినా, అలుకు నీళ్ళు చిందినా కనిపించకూడదని. అదే అవసరం, అదే ఎత్తు. ఇక్కడ రంగు మార్చకుండా మెరుపు మార్చి సాధించాడు. గది మొత్తంలో నేను ఎక్కువసేపు చూసింది ఈ గీతనే.

దర్వాజకు పాత ఎనామెల్ పొరలున్నాయి. ఇళ్ళ పెయింట్లలో సీసం పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళకు మించకూడదన్న నిబంధన మన దేశంలో వచ్చింది 2016లో. అంతకు ముందటి ఎనామెల్‌లో ఎంత ఉందో చెప్పలేం. పొడిగా రుద్దితే ఆ దుమ్ము పిల్లల కడుపులోకి పోతుంది. మేస్త్రీ వాటర్ పేపరుతో తడిపి రుద్ది, వచ్చిన మడ్డిని గుడ్డతో ఎత్తేశాడు. దర్వాజను చెక్క కనిపించేలా వార్నిషుతో వదిలేశారు. తెల్ల గోడలో ఆ టేకు రంగు ఎదుటి గోడలకు చుట్టమై కుదిరింది.

ఈ ముదురు ఛాయ ఈ వైపుకు కొత్తదేమీ కాదు. గౌలిపుర నుంచి దక్షిణంగా పోతే గుట్ట మీద ఫలక్‌నుమా ప్యాలెస్ వస్తుంది. పైగా నవాబు వికారుల్ ఉమ్రా 1884లో మొదలుపెట్టి కట్టించింది. అందులో గ్రంథాలయం కప్పు చెక్కిన వాల్‌నట్ చెక్కతో ఉంటుంది, ఇంగ్లండులోని విండ్సర్ కోట కప్పుకు నకలని చెబుతారు.  కలవారి ఇళ్ళలో ఈ ముదురు రంగు ఎప్పుడూ ఖరీదైన చెక్కతో వచ్చింది. పేదల ఇళ్ళలో మట్టితో వచ్చింది. ఏది వేసినా ఫలం ఒకటే: గోడ వెనక్కి తగ్గుతుంది, ఇత్తడీ పుస్తకాలూ మనుషుల ముఖాలూ ముందుకొస్తాయి. ఈ వీధి గదిలో ఇత్తడి బిందె, పెద్దల ఫొటోలు, దేవుడి పటాలు ఇంతకు ముందు కూడా ఉన్నాయి. లేత రంగు గోడ మీద వాటిని ఎవరూ నిలబడి చూసిన పాపాన పోలేదు.

మట్టితో వచ్చిందన్నాను కదా. ఈ రంగు వెనకున్నది ఇనుము. ఎర్ర జాజు, పసుపు మట్టి, గోధుమ రంగు, అన్నీ ఇనుప ఆక్సైడ్ చేసే చిత్రాలే. భూపాలపల్లి జిల్లా పాండవుల గుట్ట రాళ్ళ మీద ఆదిమానవులు ఎర్ర జాజుతోనే బొమ్మలు వేశారు. పసుపు మట్టికి కర్నూలు వైపు బేతంచర్ల పేరు పొందింది. ఇనుముతో పాటు మాంగనీసు కూడా ఉన్న మట్టి గోధుమ రంగులోకి దిగుతుంది. చిత్రకారులు అంబర్ అనేది దీన్నే, కాల్చితే మరింత వెచ్చగా మారుతుంది. మాంగనీసుకు మన గరివిడి, చీపురుపల్లి గనులున్నాయి. ఇప్పటి డబ్బాల్లో ఎక్కువగా ఉండేది ఫ్యాక్టరీలో చేసిన ఇనుప ఆక్సైడే అనుకోండి. యూరప్‌లో ఒకప్పుడు ఈజిప్టు మమ్మీలను పొడి చేసి కూడా గోధుమ రంగు అమ్మారు. సంగతి తెలిసిన ఆంగ్ల చిత్రకారుడు బర్న్-జోన్స్ తన దగ్గరున్న ట్యూబును తోటలో పాతిపెట్టాడట. జాజు ఎంత నయమో!

గదిలో నాకు నచ్చనివి కూడా చెప్పాలి. తళతళలాడే తెల్ల ప్లాస్టిక్ స్విచ్ బోర్డు వెనక గోడ మధ్యలో ఉంది, కన్ను ముందు అక్కడికే పోతుంది. అంతకన్నా పెద్ద పొరపాటు ట్యూబులైటు. నీలపు ఛాయ ఉన్న ఆ 6500 కెల్విన్ల వెలుగు కింద కాఫీ రంగు చచ్చిపోయి బూడిదలోకి తిరుగుతుంది. 2700 నుంచి 3000 కెల్విన్ల పసుపు ఛాయ బల్బులు రెండు మూలల్లో పెడితే చాలు, ఖర్చు కూడా పెద్దది కాదు. ఇంత చేసిన మేస్త్రీ దీపం సంగతి ఎందుకు వదిలేశాడని అడిగితే, "అది కరెంటాయన పని సార్" అన్నాడు.

మీకు పాతబస్తీలోనో, మరే పాత ఊళ్ళోనో డంగు సున్నం గోడల ఇల్లుంటే, షేడ్ కార్డు తెరిచే ముందు గోడను తట్టి చూసే మేస్త్రీని వెతకండి. ఒక గోడ వదిలేద్దాం అంటే వినండి. అతుకులు ఆరేదాకా ఆగుదాం అంటే ఆగండి. రెండు రోజుల కూలి ఎక్కువ అడిగితే బేరం ఆడకుండా ఇచ్చేయండి.